పాట ఎప్పుడు మొదలవుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరం ఏడు పేజీలు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు కాబట్టి అవి వదిలేసి, విషయం కుదించి చెబుతాను.

రాసినావిడకు 31 ఏళ్లు. పగలు ఉద్యోగం, సాయంత్రమైతే గిటార్. తొమ్మిదేళ్లుగా నలుగురున్న ఒక రాక్ బ్యాండ్‌లో వాయిస్తున్నారు. డ్రమ్స్ వాయించేది సొంత అన్నయ్య. బ్యాండ్ పెట్టిందీ, ఈవిడకు మొదటి గిటార్ కొనిపెట్టిందీ ఆయనే. పాడేది చిన్ననాటి స్నేహితురాలు. బాస్ గిటార్ వాయించే నాలుగో మనిషి గురించి ఏడు పేజీల్లోనూ ఒక్కటే వాక్యం: "అతను ఈ మధ్య ఎందుకో ముభావంగా ఉంటున్నాడు."

రెండేళ్ల కిందట ఎవరో పంపితే యానిమల్స్ యాజ్ లీడర్స్ అనే అమెరికా బ్యాండ్ వాయించిన వీడియో ఒకటి చూశారట. పాడేవాళ్లు లేరు, మాటల్లేవు. అందులో గిటారిస్టు టోసిన్ అబాసి 8 తీగల గిటార్ పట్టుకుని, బాస్ వాయించేవాళ్లు స్లాప్ చేసినట్టు బొటనవేలితో తీగల్ని కొడుతున్నారు. "ఆ రాత్రి నిద్రపోలేదు. ఇన్నేళ్లూ నేను గిటార్ వాయించలేదు, మెడలో వేసుకుని నిలబడ్డానంతే అనిపించింది" అని రాశారు. నెల తిరక్కుండా 8 తీగల గిటార్ కొన్నారు. అప్పటినుంచి రోజూ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగు గంటల సాధన. ఇంట్లోనే సొంతంగా ఆరు ట్రాకులు రికార్డు చేశారు. మొత్తం 34 నిమిషాలు, అంతా మాటల్లేని ప్రోగ్రెసివ్ మెటల్, అంటే తాళం లెక్కలు చిక్కుగా ఉండే గట్టి రాక్. డ్రమ్స్ మాత్రం కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేసుకున్నారు, ఎందుకంటే "అన్నయ్యకు 4 తప్ప వేరే లెక్క రాదు."

ఇక గొడవ. బ్యాండ్ పాటల్లోనూ ఈవిడ ఈ పద్ధతే మొదలుపెట్టారు. గాయని ఒకరోజు, "నేను ఊపిరి తీసుకుందామని ఆగిన ప్రతిచోటా నువ్వు దూరిపోతున్నావు" అంది. అన్నయ్య ఇంకో మాటన్నారు: "నువ్వు మాతో వాయిస్తున్నట్టు లేదు, మా మీద వాయిస్తున్నట్టుంది." సరే, వీళ్లకు అర్థం కాలేదనుకుని తన మూడో ట్రాక్ అమ్మకు వినిపించారు. అమ్మగారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆరు నిమిషాలూ కదలకుండా విని, "బాగుందమ్మా. పాట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగారట.

ఆరు వారాల్లో బ్యాండ్ రెండో ఆల్బమ్ రికార్డింగ్ మొదలు. ఉంటావో వెళ్తావో నెలాఖరులోగా తేల్చమని అన్నయ్య గడువు పెట్టారు. "బ్యాండ్ వదిలేయనా, ఈ పిచ్చి వదిలేయనా? మాటల్లేని సంగీతం నిజంగా ఎవరికైనా తగులుతుందా, లేక నాలాంటి గిటార్ పిచ్చివాళ్లకేనా?" అన్నది ఆవిడ ప్రశ్న.

సంతకం పెట్టేశాక కింద రెండు లైన్లున్నాయి. తాజా కలం: "ఎడమ చేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ మూడు నెలలుగా తిమ్మిరెక్కుతున్నాయి. అర్ధరాత్రి మెలకువ వచ్చి చేయి విదిలించుకుంటున్నాను. ఇంత సాధన చేస్తే మామూలేనా?"

*

అమ్మా, మీ ఏడు పేజీలు తర్వాత చూద్దాం. ముందు తాజా కలం.

మామూలు కాదు. వేళ్ల కొసలు కాయకాయడం మామూలు, కొత్తలో ముంజేయి బరువెక్కడం మామూలు. మూడు నెలలుగా రెండు వేళ్లు తిమ్మిరెక్కడం, దాంతో నిద్ర చెడడం మామూలు కాదు. ఆ రెండు వేళ్లకు వెళ్లే అల్నార్ నరం మోచేతి లోపలి వైపు ఎముకను ఆనుకుని వెళ్తుంది. ఏదైనా అంచుకు తగిలితే జివ్వుమంటుందే, అది ఈ నరమే. మోచేయి గంటల తరబడి బాగా మడిచి ఉంచితే దానిమీద ఒత్తిడి పడుతుంది. మీ విషయంలో కారణం అదేనో, మణికట్టో, మెడో చెప్పాల్సింది డాక్టర్. నేను గిటార్ మనిషిని. కానీ 8 తీగల గిటార్ మెడ ఎంత వెడల్పో తెలుసు. లావు తీగ మీద ఎగువ ఫ్రెట్లు అందుకోవడానికి మణికట్టు ఎంత వంచాలో తెలుసు. ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంటే ఎడమ మోచేయి ఎలా ముడుచుకుపోతుందో కూడా తెలుసు. ఇలాంటి తిమ్మిరినే నేను నాలుగు నెలలు ఎవరికీ చెప్పకుండా దాచుకుని, ఆ తర్వాత దాదాపు ఏడాది గిటార్ ముట్టుకోలేకపోయాను.

అందుకని ఈ వారమే డాక్టర్‌కు చూపించండి. రోజుకు నాలుగు గంటలు వాయిస్తానని, ఎలా కూర్చుంటారో, ఏ వేళ్లో చెప్పండి. వీలైతే వాయించే భంగిమలో ఒక ఫోటో తీయించుకుని పట్టుకెళ్లండి, మాటల్లో చెబితే అర్థం కాదు. అప్పటిదాకా ఆ సాధన ఆపండి. పియానో వాద్యకారుడు లియాన్ ఫ్లైషర్‌ కుడి చెయ్యి 1960ల్లో పనిచేయకుండా పోయింది. ఆయనది వేరే జబ్బు, ఫోకల్ డిస్టోనియా, వేళ్లు వాటంతటవే ముడుచుకుపోతాయి. రెండు చేతులతో వాయించిన ఆల్బమ్ మళ్లీ 2004లో గానీ తీసుకురాలేకపోయారు. మీకూ అంత జరుగుతుందని కాదు. చెయ్యి ఏదో చెబుతున్నప్పుడు వినకపోతే ఏళ్లు పోతాయని చెప్పడానికి ఆయన పేరు ఎత్తాను.

చెవుల సంగతీ ఒక్క ముక్క. హెడ్‌ఫోన్స్‌లో నాలుగు గంటలన్నారు. శబ్దం 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమైపోతుంది, 100 దగ్గర పావుగంటే మిగులుతుంది. వాల్యూమ్ తగ్గించండి.

ఇప్పుడు అసలు ఉత్తరానికి వద్దాం.

మీ పిచ్చి వదిలేయమని నేను చెప్పను. చెప్పే అర్హత కూడా నాకు లేదు, ఇదే నీళ్లు తాగినవాణ్ణి. 26 ఏళ్ల వయసులో ఒక కచేరీలో నాకిచ్చిన 16 బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బలు) సోలోను ఒళ్లు తెలియక 64 చేశాను. కళ్లు తెరిచి చూస్తే మా గాయకుడు మైకు పక్కన గొంతుక్కూర్చుని షూ లేసులు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. రెండు కాళ్లవీ. ఆ దృశ్యం ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది. అప్పట్లో నాకూ మీలాగే, వాళ్లకు అర్థం కాలేదనే అనిపించింది.

మీ ప్రశ్నలో ముందుగా తేలిపోయే భాగం ఒకటుంది. మాటల్లేని గిటార్ ఎవరికైనా తగులుతుందా అంటే, తగులుతుంది. 1987లో జో సాట్రియానీ తెచ్చిన సర్ఫింగ్ విత్ ది ఏలియన్ ఆల్బమ్‌లో పాడేవాళ్లే లేరు. ఒక్క అమెరికాలోనే పది లక్షల కాపీలు దాటింది. కొన్నవాళ్లంతా గిటారిస్టులై ఉంటారనుకోను. ఆయన దగ్గర నేర్చుకున్న స్టీవ్ వాయ్ 1990లో తెచ్చిన పాషన్ అండ్ వార్‌ఫేర్ కూడా దాదాపు అంతా వాద్యమే. ఇప్పుడు టిమ్ హెన్సన్ ఉన్న పాలీఫియా, ఆస్ట్రేలియా నుంచి ప్లినీ, ఇలా వినేవాళ్లు దొరికిన వాళ్లు చాలామందే ఉన్నారు. కాబట్టి ఆ బెంగ పక్కన పెట్టండి.

పక్కన పెట్టాక మిగిలేది అమ్మగారి ప్రశ్న. మీరు దాన్ని ఒక అవమానంలా రాశారు. నాకేమో ఏడు పేజీల్లోకీ విలువైన వాక్యం అదే అనిపించింది. ఆవిడ మధ్యలో తీసేయలేదు, ఆరు నిమిషాలు కూర్చుని విన్నారు. బాగుందన్నారు. ఏదో రాబోతోందని ఎదురుచూశారు. ఎదురుచూసేలా చేయగలిగారంటే మీ చేతిలో సత్తా ఉన్నట్టే. ఆ వచ్చేదేదో రాలేదు, అంతే.

మీ ఉత్తరం మళ్లీ చదివాను, పెన్సిల్ పట్టుకుని. 180 అనే అంకె ఐదు చోట్ల ఉంది. 180 బీపీఎంలో (అంటే నిమిషానికి 180 దెబ్బల వేగంలో) ఆల్టర్నేట్ పికింగ్, 180లో స్వీప్, 180కి చేరడానికి పట్టిన నెలలు. స్వీప్, ట్యాపింగ్, లెగాటో, థంపింగ్, ఇలా వాయించే పద్ధతులన్నీ ఉన్నాయి. ఒక్క ట్యూన్ గురించి, "ఈ ముక్క వాయిస్తుంటే నాకిలా ఉంటుంది" అని, ఎక్కడా లేదు. వెతికాను. రెండో ట్రాక్ దగ్గర మాత్రం "మధ్యలో నెమ్మదిగా ఒక బిట్ వస్తుంది, అది ఉత్తపుణ్యానికి వచ్చేసింది, పెద్ద కష్టమేం కాదు" అని కొట్టిపారేశారు. ఆ బిట్ మీద నాకు చాలా ఆసక్తిగా ఉంది.

180లో పదహారో వంతు స్వరాలంటే, ఒక్కో దెబ్బకు నాలుగు చొప్పున, సెకనుకు 12. ఆ వేగంలో వినేవాళ్ల చెవికి స్వరాలు విడివిడిగా అందవు, పైకో కిందికో వెళ్లే ఒక గీతలా అందుతాయి. గీత అందంగానే ఉంటుంది. ఆరు నిమిషాలూ గీతలే అయితే, ఇంటికి వెళ్తూ కూనిరాగం తీసుకోవడానికి ఏమీ మిగలదు. గిటార్ వాయించేవాళ్లకు ఆ ఇబ్బంది తెలియదు, ఎందుకంటే మనం వేళ్లను వింటుంటాం. పక్క గిటారిస్టు వేళ్లు ఎక్కడున్నాయో ఊహించుకుంటూ వింటాం. మీ అమ్మగారికి ఆ వ్యాపకం లేదు.

ఇందులో గాయని చెప్పిన మాట కూడా కలుస్తుంది. పాడేవాళ్లకు ఊపిరి ఒక కంచె, ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఆ ఆగడంతోనే వాక్యం అవుతుంది. గిటార్‌కు ఊపిరితో పనిలేదు, చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆగకుండా వాయించొచ్చు. మనలాంటి వాళ్లం వాయిస్తాం కూడా. గిటారిస్టు అలన్ హోల్డ్స్‌వర్త్ సంగతి చూడండి. ఈ రంగంలో ఇప్పుడున్న వాళ్లలో చాలామందికి ఆయన పెద్దదిక్కు. 2017లో పోయారు. ఆయనకు మొదట్లో కావాల్సింది గిటార్ కాదు, సాక్సఫోన్. ఆ ఊదే వాద్యం ధోరణి గిటార్‌లోకి తెచ్చుకోబట్టే ఒక్కో స్వరాన్నీ పిక్‌తో కొట్టకుండా ఎడమ చేత్తోనే సాగదీసే ఆ లెగాటో వచ్చింది. ఎంత వేగంగా వెళ్లినా ఎవరో ఊపిరి తీసి వదులుతున్నట్టే ఉంటుంది. మీరు లెగాటో నేర్చుకున్నానన్నారు. ఊపిరి కూడా నేర్చుకున్నారా అన్నది నా అనుమానం.

పరీక్షించుకోవడానికి గిటార్ అక్కర్లేదు, కాబట్టి చెయ్యి బాగయ్యేదాకా చేసుకోవచ్చు. మీ ఆరు ట్రాకుల్లో ఒక్కోదాన్నీ నోటితో పాడుకుంటూ ఫోన్లో రికార్డు చేయండి. సెకనుకు 12 స్వరాలు ఎవరూ పాడలేరు, పాడొద్దు. వాటి కిందున్న దారి ఏదో అదే పాడండి. ఎక్కడ పాడటానికి ఏమీ లేక "డిగిడిగిడిగి" అని ఊరుకుంటారో ఆ చోటు రాసిపెట్టుకోండి. అదంతా తీసేయమని కాదు. నా లెక్కలో ప్రతి ట్రాక్‌లోనూ కొంత డిగిడిగి ఉండాలి, అది లేకపోతే మెటల్ ఎందుకు. ఎంత ఉందో మీకు తెలియాలి, అంతే.

ఇక అన్నయ్య. ఇక్కడ మీతో కాస్త పోట్లాట పెట్టుకుంటాను.

"4 తప్ప వేరే లెక్క రాదు" అన్నారు. మీ మొదటి ట్రాక్ రిఫ్ (పదేపదే తిరిగొచ్చే గిటార్ ముక్క) గురించి రాస్తూ అది 7 మాత్రల రిఫ్ అనీ, ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్‌లో సింబల్, స్నేర్, కాలితో కొట్టే కిక్ మూడూ 7తోనే వెళ్తాయనీ చెప్పారు. అంటే తకిట తకధిమి, తకిట తకధిమి అని గిటారూ డ్రమ్సూ కలిసి నడుస్తున్నాయి. బాగానే ఉంటుంది. కానీ ఒక నిమిషం పాటు ఇలా చేసి చూడండి. ఒక చేత్తో తొడమీద నింపాదిగా 1, 2, 3, 4 కొడుతూ ఉండండి, ఒక్కో దెబ్బకు నాలుగు మాత్రలు. నోటితో తకిట తకధిమి ఆపకుండా చెప్పండి. మొదటి "త" చేతి దెబ్బతో పాటు పడుతుంది. రెండోసారి "త" దెబ్బకు ఒక మాత్ర ముందే పడిపోతుంది. మూడోసారి రెండు మాత్రలు ముందు. నేల కదలదు, మీరు దానిమీద జారుతుంటారు. నాలుగు బార్లలో 64 మాత్రలు, ఏడేసి చొప్పున తొమ్మిదిసార్లు చెబితే 63. ఒక్కటి మిగులుతుంది. ఆ ఒక్కదాన్ని ఎలాగో సర్దుకుని మళ్లీ మొదటి దెబ్బ మీద అందరూ కలిసి పడితే వినేవాళ్లకు కడుపులో దిగినట్టుంటుంది. సర్దకుండా వదిలేస్తే ఏడు బార్ల తర్వాతే కలుస్తారు. స్వీడన్ మెటల్ బ్యాండ్ మెషుగ్గా వాళ్ల సంగీతంలో చాలా భాగం నడిచేది ఇలాగే. చేతులు సింబల్ మీద 4 పట్టుకుని ఉంటాయి, కాళ్లు కిక్ మీద గిటార్ వెంట పోతాయి. తల ఊపేవాళ్లు 4కే ఊపుతారు, వాళ్లకు 7 అనే అంకె తెలియనే తెలియదు.

మీ రిఫ్‌కు కావాల్సింది ఎంత గందరగోళం జరిగినా 4 వదలని మనిషి. అలాంటాయన తొమ్మిదేళ్లుగా మీ వెనక కూర్చుని ఉన్నారు. కిక్ మీ వెంట రావడం ఆయన నేర్చుకోవాలి, దానికి కొన్ని నెలలు పడుతుంది. కానీ మీరు అడగనే లేదు. రాదు అని మీరే అనేసుకుని కంప్యూటర్‌ను పెట్టుకున్నారు. చెల్లెలి సంగీతంలో తనకు చోటు లేదని ఆయనకు ఎలా తెలిసిందనుకుంటున్నారు? ఆరు ట్రాకులూ తయారయ్యాక విని తెలుసుకున్నారు. "మా మీద వాయిస్తున్నావు" అన్న మాటలో నాకైతే సంగీతం గురించిన ఫిర్యాదు సగమే వినిపించింది.

ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్ తప్పని కాదు సుమా. యానిమల్స్ యాజ్ లీడర్స్ 2009 నాటి మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ ప్రోగ్రామ్ చేసినవే, ఆ పని మిషా మన్సూర్ చూశారు. తర్వాత డ్రమ్మర్ మాట్ గార్స్ట్‌కా వచ్చి కూర్చున్నాక వచ్చిన ఆల్బమ్ పక్కన దాన్ని పెట్టి వినండి. మనిషి వచ్చాక ఏం మారిందో నేను చెప్పడం కంటే మీ చెవే బాగా చెబుతుంది.

బాస్ వాయించే అతను ఎందుకు ముభావంగా ఉన్నాడో కూడా నేను చెప్పగలననుకుంటున్నాను. మీ 8వ తీగ మామూలు ట్యూనింగ్‌లో దాదాపు 46 హెర్ట్జ్ (ఈ అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది). అతని బాస్‌లో అన్నిటికంటే లావు తీగ 41. మామూలు 6 తీగల గిటార్ 82 దగ్గర ఆగిపోయేది. అంటే రెండేళ్ల కిందట మీరు అతని ఇంట్లోకి మంచం తెచ్చుకుని వేసుకున్నారు, చెప్పకుండా. అతను ఏం వాయించినా బురదలా కలిసిపోయి వినిపిస్తుంది, తప్పు తనదే అనుకుంటున్నాడేమో పాపం. దీనికి మందు సులువు. మీ గిటార్‌లో 80, 100 హెర్ట్జ్ కంటే దిగువది ఈక్వలైజర్‌తో కోసేయండి, అడుగు అతనికి వదిలేయండి. మీ రిఫ్ పలచబడదు, ఇంకా స్పష్టంగా వస్తుంది. ఇది మాత్రం ఏ నిర్ణయంతోనూ సంబంధం లేకుండా వచ్చే రిహార్సల్‌కే చేయొచ్చు. చేస్తూ అతనితో ఆ మాట చెప్పండి కూడా.

నిర్ణయం సంగతి. మీరు రెండే దారులు రాశారు, నాకు ఇంకొన్ని కనిపిస్తున్నాయి.

బ్యాండ్ వదిలేసి పూర్తిగా వాద్యమే చేయొచ్చు. తప్పేమీ లేదు, అలా వెళ్లి బాగుపడ్డవాళ్లున్నారు. కెనడా బృందం ఇంటర్వల్స్ 2014లో గాయకుణ్ణి పెట్టుకుని ఒక ఆల్బమ్ చేసింది. 2015లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ మళ్లీ మాటల్లేనిదే. కానీ ఆ పాటికి అది బ్యాండ్ కాదు, ఆరన్ మార్షల్ అనే ఒక్క గిటారిస్టు సొంత వ్యవహారం. ఈ దారిలో వెళ్తే మీకూ అదే జరుగుతుంది. రాయడం, రికార్డింగ్, మిక్సింగ్, వాయించేవాళ్లను వెతుక్కోవడం, జనానికి చేర్చడం అన్నీ మీ నెత్తినే. బాగున్న రోజు మెచ్చుకోలంతా మీదే. బాగాలేని రోజు "ఇక్కడ ఎక్కువైంది, తగ్గించు" అని చెప్పే మనిషి గదిలో ఉండడు. మీకు ఇప్పుడు అలాంటి మనుషులు ముగ్గురున్నారు, వాళ్లమీద మీకు కోపంగా ఉంది. అన్నయ్యతో ఇంటి బంధం ఎలాగూ పోదు గానీ, రిహార్సల్ గదిలో ఉన్న బంధం వేరే. అది ఒకసారి తెగితే భోజనాల దగ్గర అతుక్కోదు.

బ్యాండ్‌లోనే ఉండి 8 తీగల గిటార్‌ను మూలన పెట్టేయడం రెండోది. దీన్ని నేను గట్టిగా వద్దంటాను. ఆరు నెలలు బాగానే ఉంటుంది. తర్వాత ప్రతి పాటలోనూ మీరు త్యాగం చేస్తున్నట్టు వాయిస్తారు, అది వాళ్లకూ వినిపిస్తుంది.

రెండూ పెట్టుకోవడం కుదరదని మీరెందుకు అనుకున్నారో తెలియలేదు. ప్రోగ్రెసివ్ మెటల్ బ్యాండ్ డ్రీమ్ థియేటర్‌లో ఉంటూనే గిటారిస్టు జాన్ పెట్రూచీ, డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నోయ్ వాద్యం కోసమే లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్ అని వేరే బృందం కట్టారు. మొదటి ఆల్బమ్ 1998లో, రెండోది 1999లో, మూడోది 2021లో వచ్చాయి. వీలున్నప్పుడు కలిశారు, లేనప్పుడు లేదు. అందులో కీబోర్డు వాయించిన జోర్డాన్ రూడెస్ తర్వాత డ్రీమ్ థియేటర్‌లోకే వచ్చేశారు. అంటే పక్క బృందం వల్ల అసలు బ్యాండ్‌కు లాభమే జరిగింది. మీ విషయంలో ఇది పనిచేయాలంటే మాత్రం ఒక ఒప్పందం ఉండాలి. బ్యాండ్ పాటల్లో గాయని ఊపిరి తీసుకునే చోటు ఆవిడదే, మీరు దాని జోలికి వెళ్లరు. బదులుగా ఆల్బమ్‌లో ఒక ట్రాక్, లేదా ఒక పాట మధ్యలో 32 బార్లు మీకు వదిలేస్తారు, అందులో ఎవరూ వేలు పెట్టరు. రాత్రి సాధన నాలుగు గంటల నుంచి డాక్టర్ ఎంతంటే అంతకు దిగుతుంది. ఇందులో చిక్కేమిటంటే, మీ సోలో పని చాలా నెమ్మదవుతుంది. ఏడాదిలో వస్తుందనుకున్న ఆల్బమ్‌కు మూడేళ్లు పట్టొచ్చు. ఆ ఆలస్యం మీకు సరిపడుతుందో లేదో మీ స్వభావాన్ని బట్టి ఉంటుంది. కొందరికి సరిపడదు, లోపల ఉడికిపోతారు.

ఇంకొకటి, ఇప్పటికిప్పుడు ఏదీ తేల్చకపోవడం. ముందు రిఫ్లక్స్ అనే బ్యాండ్‌లో వాయించిన అబాసిని, సోలో ఆల్బమ్ చేయమని రికార్డ్ కంపెనీ అడిగితే మొదట ఒప్పుకోలేదు. సంగీతం చదువుకోవడానికి వెళ్లారు, ఆ తర్వాతే సరేనన్నారు. మీకు నిద్ర లేకుండా చేసిన ఆ సంగీతం అలా కొంతకాలం ఆగి వచ్చిందే. చేతికి ఎలాగూ విశ్రాంతి కావాలి కాబట్టి, నెలాఖరు గడువును చెయ్యి పేరుతో వాయిదా వేయమని నిజాయితీగానే అడగొచ్చు. ఆరు వారాల్లో రికార్డింగ్ అన్నారు, మీ చెయ్యి ఆరు వారాల్లో సిద్ధమవుతుందో లేదో కూడా తెలియదు కదా. ఈ మాట బ్యాండ్‌కు చెప్పారా? ఉత్తరాన్ని బట్టి చూస్తే చెప్పినట్టు లేదు. వాళ్లు వేరే గిటారిస్టును ఈ ఒక్క ఆల్బమ్‌కు పెట్టుకుంటారేమో, అది మీకు మంట పుట్టిస్తుందేమో. ఆ మంట ఎంత ఉందో చూస్తే ఉండాలో వెళ్లాలో మీకే కొంత తెలుస్తుంది.

నన్ను నిలదీసి అడిగితే, రెండూ పెట్టుకునే దారివైపే మొగ్గుతాను. కానీ నేను ఏ ట్రాకూ వినలేదు, మీ అన్నయ్య మొహం చూడలేదు. మీకు నచ్చిన దారిలో నేను చెప్పిన ఇబ్బందులు మీకు ఇబ్బందులుగా అనిపించకపోతే నా మొగ్గు పట్టించుకోకండి.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు మాత్రం బ్యాండ్ భవిష్యత్తుతో మొదలుపెట్టొద్దు. ముందు చెయ్యి సంగతి చెప్పండి, మొదటి గిటార్ కొనిచ్చిన మనిషికి ఆ మాట మూడు నెలల కిందటే తెలిసి ఉండాల్సింది. తర్వాత ఆ 7 మాత్రల రిఫ్ తీసుకోండి. ల్యాప్‌టాప్ తెరవొద్దు, గిటార్ ఎలాగూ వాయించకూడదు. నోటితో తకిట తకధిమి చెబుతూ ఉండండి, ఆయన్ని మామూలుగా 4 వాయించమనండి. మొదటిసారి ఇద్దరూ తప్పుతారు, రెండోసారీ తప్పుతారు. నాలుగు బార్లయ్యాక ఆ మిగిలిపోయే ఒక్క మాత్రను ఎక్కడ సర్దాలో మీరు చెప్పకండి, ఆయన్నే అడగండి.

రెండో ట్రాక్‌లో ఉత్తపుణ్యానికి వచ్చిందన్నారే ఆ నెమ్మది బిట్, దాన్నీ ఒకసారి పాడి అమ్మగారికి వినిపించండి. ఏమన్నారో నాకు రాయండి. డాక్టర్ ఏమన్నారో అది ముందు రాయండి, తాజా కలంలో కాకుండా.